తంత్రుల లెక్క దేల్చిన సన్న్యాసి: మారిన్ మెర్సెన్

ఎలక్ట్రిక్ గిటారునకు తీగెలు కొనబోయినవారు దుకాణములో పొట్లములమీద 9, 10, 11 అను అంకెలను చూచియే యుందురు. అవి ధరలు గావు. వరుస సంఖ్యలును గావు. ఆ పొట్లములోని మిక్కిలి సన్నని తీగె లావు అంగుళములో వేయింట ఎన్ని వంతులో ఆ యంకె తెలుపును. అంగుళములో వేయవ వంతనగా కంటికి ఆననిది. అయినను 9 తీగెను విప్పి 10 తీగెను కట్టినచో వ్రేళ్లు ఆ భేదమును వెంటనే గుర్తించును, చెవియు గుర్తించును. లావునకును నాదమునకును గల యీ సంబంధమును కొలిచి, లెక్కగట్టి, గ్రంథస్థము చేసినవాడు గాయకుడు గాడు, వాద్యములు చేయు పనివాడును గాడు. మాంసమును, గ్రుడ్లను, పాలను జీవితాంతము విసర్జించి పారిసు నగరములోని యొక మఠపు గదిలో కాలము గడపిన క్రైస్తవ సన్న్యాసి. ఆయన పేరు మారిన్ మెర్సెన్. గణితము చదువు విద్యార్థులు మెర్సెన్ ప్రధాన సంఖ్యల మూలమున ఆ పేరు వినియుందురు. తంత్రుల విషయమై ఆయన పడిన శ్రమ మాత్రము మనలో అంతగా ప్రచారము గాలేదు.

మెర్సెన్ 1588వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన, ఫ్రాన్సు దేశమున మేన్ అను సీమలో, వాజే గ్రామము చెంత జన్మించెను. తల్లిదండ్రులు కలిమి లేని శ్రమజీవులు. అయినను కుమారుని చదువునకు లోటు రానీయలేదు. అతడు మొదట లె మాన్ పట్టణములో చదివి, 1604లో జెసూయిట్ గురువులు లా ఫ్లేష్‌లో అప్పుడే నెలకొల్పిన విద్యాలయమున ప్రవేశించి, 1609 వరకు అచట నుండెను. తరువాతి కాలమున తత్త్వవేత్తగా ప్రసిద్ధికెక్కిన డేకార్ట్ కూడ ఆ విద్యాలయమున చదివినవాడే; కాని మెర్సెన్ కంటె ఎనిమిదేండ్లు చిన్నవాడు. వారి మైత్రి దృఢమైనది చాలకాలము తరువాతనే. లా ఫ్లేష్ విడిచి మెర్సెన్ పారిసులోని సోర్బోనులో దైవజ్ఞానమును అభ్యసించెను.

1611లో ఆయన మినిము సన్న్యాసుల సంఘమున చేరెను. మినిములనగా అత్యల్పులని యర్థము. పావోలా వాసియగు ఫ్రాన్సిస్ అను భక్తుడు స్థాపించిన ఆ సంఘమువారు తక్కిన సన్న్యాసుల వ్రతములతో పాటు మరియొక వ్రతమును బూనుదురు: సామాన్య క్రైస్తవులు శ్రమకాలపు నలువది దినములలో పాటించు ఆహార నియమమును వారు సంవత్సరము పొడుగునను పాటింపవలెను. గురుపట్టము పొందిన పిమ్మట మెర్సెన్ నెవేరు పట్టణపు మఠములో కొన్ని సంవత్సరములు తత్త్వశాస్త్రమును బోధించి, 1619లో పారిసునకు మరలివచ్చెను. ఇప్పుడు ప్లాస్ దె వోజ్ అని పిలువబడు చతురస్రపు అంగణమునకు సమీపముననే వారి మఠముండెను. కొన్ని ప్రయాణములు తప్ప, ఆయన మిగిలిన జీవితమంతయు ఆ మఠముననే గడచెను.

ఆ కాలమున ఫ్రాన్సు దేశములోని విద్యావంతులలో రెండు విధములైన సందేహములు వ్యాపించియుండెను. దేవుడున్నాడా యని కొందరు, మానవునికి దేనినైనను నిశ్చయముగా తెలిసికొను శక్తి కలదా యని కొందరు వాదించుచుండిరి. మెర్సెన్ ఇరువురికిని ఉత్తరమీయ బూనుకొనెను. 1623లో ఆదికాండమును గూర్చి లాటిను భాషలో మహాగ్రంథ మొకటి ప్రకటించెను. మరుసటి యేట దైవప్రత్యక్షతను నిరాకరించువారిని ఖండించుచు ఇంకొకటి వ్రాసెను. 1625లో శాస్త్రముల సత్యమును స్థాపించుచు వ్రాసిన గ్రంథము నా యభిప్రాయమున ఈ మూటిలోను ముఖ్యమైనది. వస్తువుల అంతస్తత్త్వము మనకు తెలియకపోవచ్చును. కాని వాని కొలతలు, తూనికలు, సంఖ్యలు తెలియును. అంతమాత్రపు జ్ఞానము మనకు చాలునని అందలి సారాంశము. సంశయవాదులను ఎదిరించుటకు బయలుదేరిన ఆ సన్న్యాసి చేతికి దొరకిన ఆయుధము కొలబద్ద. ఆ కొలబద్దతోనే ఆయన పిమ్మట ప్రాచీనులను సైతము పరీక్షించెను.

సంగీతమునందు ఆయనకు మొదటినుండియు మక్కువ యెక్కువ. ఆదికాండ వ్యాఖ్యానములోనే సంగీతమును గూర్చి దీర్ఘముగా చర్చించెను. అప్పటికి విద్యాలయములలో బోధింపబడుచుండిన కథ యొకటి కలదు. పైథాగరసు కమ్మరి కొలిమి ప్రక్కగా పోవుచు సుత్తెల చప్పుడులోని పొందికను విని, సుత్తెలను తూచగా వాని బరువులు 12, 9, 8, 6 నిష్పత్తిలో నుండెనట. ఆ బరువులను తంత్రులకు వ్రేలాడదీయగా అవే స్వరాంతరములు పలికెనట. శతాబ్దముల తరబడి పండితులు ఈ కథను చెప్పుచునే యుండిరి. తంత్రికి బరువు గట్టి చూచినవారు అరుదు. 16వ శతాబ్ది చివర గెలీలియో తండ్రియు, ల్యూటు వాద్యమున నేర్పరియునగు విన్సెంజో గెలిలీ కట్టి చూచెను. బరువు రెట్టింపు చేసినచో పై స్థాయి షడ్జము పలుకదు. నాలుగు రెట్లు చేసిననే పలుకును. కథ అబద్ధమని తేలినది. హాలెండులో బీక్మన్ అను పండితుడును కంపనముల విషయమై యోచించుచు దినచర్యలో వ్రాసికొనుచుండెను. 1630లో మెర్సెన్ అచటికి పోయి ఆయనను కలిసికొనెను.

కాని ఇంతవరకు జరిగినది స్వరముల పోలిక మాత్రమే. ఈ స్వరము ఆ స్వరమునకు రెట్టింపని చెవి చెప్పును; ఒక్క సెకనులో తంత్రి యెన్నిమారులు కంపించుచున్నదో చెవి చెప్పజాలదు, కన్ను చూడజాలదు. గిటారుపైనుండు మిక్కిలి లావు తీగెయే సెకనునకు 82 మారులు ఊగును. దానిని లెక్కించు యంత్రము ఆనాడు లేదు. మెర్సెన్ కనిపెట్టిన యుపాయము ఇప్పటికిని మెచ్చదగినదే. తంత్రి పొడవైన కొలది ఊపు నిదానించును గదా! అందుచేత ఆయన తొంబది అడుగులకు తక్కువ కాని జనపనార త్రాటిని, నూరడుగులకు మించిన ఇత్తడి తీగెను సాగదీసి కట్టించి, వానిని మీటెను. అవి ధ్వని చేయలేదు, మెల్లగా ఊగినవి. ఆ ఊపులను కన్నులార చూచుచు, కాలమును కొలుచుచు, ఒక్కొక్కటిగా లెక్కించెను. తరువాత పొడవు తగ్గించియు, బరువు హెచ్చించియు మరల మరల లెక్కించెను. పొడవైన తంత్రియందు కంటికి కనబడిన నియమమే పొట్టి తంత్రియందును ఉండవలెనని నిశ్చయించి, చెవికి వినబడు నొక స్వరమునకు సెకనునకు 84 కంపనములని గణించెను. వినబడు స్వరముయొక్క కంపన సంఖ్యను మానవుడు నిర్ణయించుట అదియే మొదటిసారియని శాస్త్ర చరిత్రకారులు వ్రాయుదురు.

ఈ పరిశ్రమ ఫలమంతయు 1636, 1637 సంవత్సరములలో విశ్వస్వరసామ్యమను నర్థమిచ్చు పేరుతో ఫ్రెంచి భాషలో వెలువడిన ఆయన మహాగ్రంథమున గలదు. ఆ కాలపు వాద్యములన్నిటి చిత్తరువులు, కొలతలు, అమరికలు అందున్నవి గాన, పురాతన వాద్యములను పునర్నిర్మించువారు నేటికిని దానిని తెరచి చూతురు. తంత్రులను గూర్చి ఆయన దేల్చిన నియమములు మూడు. పొడవు సగమైనచో కంపన సంఖ్య రెట్టింపగును. బిగువు నాలుగు రెట్లైనచో కంపన సంఖ్య రెట్టింపగును. ఒకే లోహముతో చేసిన రెండు తంత్రులలో ఒకటి రెండింతలు లావైనచో దాని కంపన సంఖ్య సగమగును. గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమునను ఇట్టి విషయములే కలవు; ఇరువురును వేర్వేరుగా ఈ సత్యమును చేరిరి. అచ్చులో ముందు వెలువడినది మెర్సెన్ గ్రంథము. ఈ కారణముచేత వీనిని మెర్సెన్ నియమములందురు.

మూడవ నియమమును గూర్చి ఇచట కొంత విస్తరించి చెప్పవలసియున్నది. గిటారు పట్టు బాలురకు దీనివలన చాల ప్రయోజనము కలదు.

ఎలక్ట్రిక్ గిటారులలో ప్రసిద్ధమైన యొక పద్ధతినిబట్టి మ్రోగు తీగె పొడవు ఇరువదియైదున్నర అంగుళములు. పై తీగె పలుకవలసిన స్వరమునకు సెకనునకు ఇంచుమించు 330 కంపనములు. పొడవును స్వరమును మారనివి గనుక, లావు మారినప్పుడు మారవలసినది బిగువొక్కటే. లావు రెండింతలైన బిగువు నాలుగింతలు కావలెను. ఈ లెక్క ప్రకారము 9 తీగెకు సుమారు 13 పౌన్ల బిగువు చాలును. 10 తీగెకు 16 పౌన్లు, 11 తీగెకు ఇంచుమించు 20 పౌన్లు కావలెను. 9 నుండి 10కి లావు పెరిగినది తొమ్మిదవ వంతే. బిగువు పెరిగినది దాదాపు నాలుగవ వంతు. కంటికి ఆనని భేదమును వ్రేళ్లు గుర్తించుటకు ఇదియే హేతువు. వైణికులు వలెనే గిటారు వాయించువారును మెట్టుమీద తీగెను ప్రక్కకు లాగి స్వరమును పెంచుదురు. అట్లు లాగుటకు సన్నని తీగె సులువు. లావు తీగెకు చేతి బలము కావలెను. అందుచేతనే లావు తీగెలు కట్టువారు కొందరు శ్రుతిని అర స్వరము దించుకొందురు. అంతమాత్రముననే బిగువు నూటికి పదునొకండు వంతులు తగ్గును.

అయినచో సన్నని తీగెలే మేలు గదా యని యడుగవచ్చును. సన్నని తీగెను గట్టిగా మీటినచో వెడల్పుగా ఊగి మెట్లకు తగిలి గరగరలాడును. మీటిన క్షణమున స్వరము కొంచెము హెచ్చి పిదప దిగును. లావు తీగె స్థిరముగా నిలిచి పలుకును. ఇంతేగాక ఎలక్ట్రిక్ గిటారునందు తీగె క్రింద అయస్కాంతముతో గూడిన పికప్పు ఉండును. ఆ అయస్కాంతముపై ఊగు ఉక్కు ఎంత యెక్కువయైన, పుట్టు విద్యుత్తరంగ మంత బలవత్తరముగా నుండును. కావున లావు తీగె నాదము నిండుగాను, సన్నని తీగె నాదము వాడిగాను వినబడును. ఇందులో ఏది శ్రేష్ఠమని శాస్త్రము చెప్పదు. లేత వ్రేళ్ల బాలుడు పెద్దవానిని జూచి 11 తీగెలు కట్టి మణికట్టు నొప్పించుకొనుట మాత్రము తెలివిగల పనిగాదు.

ఈ నియమమునుండియే మరియొక వింత వెలువడును. ఒకే లోహము, ఒకే పొడవు, ఒకే శ్రుతి యైనప్పుడు, లావుతో పాటు బిగువు ఏ పాళములో పెరుగునో తీగె కోత వైశాల్యమును ఆ పాళముననే పెరుగును. అనగా ఒక్కొక్క రేణువుపై బడు ఒత్తిడి సన్నని తీగెకును లావు తీగెకును సమానమే. సన్నని తీగె సులభముగా తెగునని మనము తలతుము. శ్రుతిని హెచ్చించుచు పోయినచో రెండును ఇంచుమించు ఒకే స్వరమువద్ద తెగును. మెర్సెన్ నాటి ల్యూటు వాద్యకారులు పై తంత్రిని తెగునంత మాత్రము తెగకుండ బిగించి, దానినిబట్టి తక్కిన తంత్రులకు శ్రుతి చేసికొనుచుండిరి. వారి యనుభవము ఆయన లెక్కతో సరిపోవుచున్నది.

ఆ దినములలో తంత్రులను ముఖ్యముగా గొఱ్ఱె ప్రేగులతో చేయుచుండిరి. మంద్ర స్వరములకు లావు తంత్రి కావలెను గదా! కాని లావైన కొలది తంత్రి బిరుసెక్కి, వంగుటకు మొరాయించి, నాదము మొద్దువారును. దీనికి ఆనాటి పనివారు కనిపెట్టిన మార్గము మెర్సెన్ మొదటి నియమమే: లావు పెంచుటకు బదులు పొడవు పెంచిరి. థియోర్బో అను వాద్యమునకు నిలువెత్తు మెడ యుండుట ఇందుచేతనే. సన్నని నడిమి తంత్రికి లోహపు తీగెను చుట్టి, బిరుసు పెంచకయే బరువు పెంచు నుపాయము ఆయన మరణించిన కొలది సంవత్సరములకే వాడుకలోనికి వచ్చెను. నేటి గిటారు మంద్రపు తీగెలకు చుట్టు గలుగుటకు హేతువిదియే. మన వీణకును అనుమంద్రపు తంత్రి లావుగా నుండుట అందరును చూచినదే. బొబ్బిలి పనివారు ఫ్రెంచి గ్రంథము చదువలేదు, కాని నియమము అందరి తంత్రులకును ఒక్కటే.

మెర్సెన్ చెవి బహు సూక్ష్మమైనది. ఒక్క తంత్రిని మీటి, చుట్టుప్రక్కల నిశ్శబ్దముగా నున్నప్పుడు శ్రద్ధతో వినినచో, మూల స్వరముతో పాటు పై స్వరములు కనీసము నాలుగు సన్నగా వినబడుచున్నవని ఆయన గ్రహించెను. ఒకే తంత్రి ఏకకాలమున అనేక స్వరములు పలుకుట యెట్లు? ఈ ప్రశ్న ఆయనను వదలలేదు. డేకార్టునకు వ్రాసెను; తక్కిన పండితులకును వ్రాసెను. తృప్తికరమైన సమాధానము ఎవరును పంపలేదు. తంత్రి మొత్తముగా ఊగుచునే సగములుగాను, మూడవ వంతులుగాను కూడ ఊగునను సత్యము ఆయన జీవితకాలమున తేలలేదు. ఈ అనుస్వరముల పాళ్ల భేదమే సన్నని తీగె వాడికిని లావు తీగె మొద్దుదనమునకును మూలము.

ఉత్తరములు వ్రాయుటయందు ఆయనకు సాటి లేరు. శాస్త్ర పత్రికలు పుట్టని ఆ కాలమున ఆయన గదియే ఐరోపాకు తపాలా కచ్చేరి యాయెను. డేకార్ట్, ఫెర్మా, గసెండీ, హాబ్సు, టొరిచెల్లి మొదలగువారికి ఒకరి ప్రశ్న నింకొకరికి, ఒకరి జవాబు మరియొకరికి పంపుచుండెను. ఆయన చేవ్రాత చదువుట మహాకష్టమని ప్రతీతి. అయినను జవాబులు వచ్చుచునే యుండెను. 1635 నుండి పండితులను క్రమముగా సమావేశపరచెను. ఆ సభలకు తండ్రి వెంట వచ్చిన బాలుడు బ్లేజ్ పాస్కల్. పదునేడేండ్ల క్రిస్టియన్ హైగెన్సునకు 1646లో లోలకమును గూర్చిన సమస్యను పంపినవాడును మెర్సెనే. ఆ బాలుడే పదేండ్ల తరువాత లోలకపు గడియారమును నిర్మించెను. ప్రధాన సంఖ్యలను గూర్చి 1644లో మెర్సెన్ ఇచ్చిన పట్టికలో 67, 257 తప్పుగా చేరినవి; 61, 89, 107 విడువబడినవి. అన్ని తప్పులును సరిదిద్దబడుటకు మూడు శతాబ్దములు పట్టినది.

ఇందులో నొక్క సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. 1633లో రోము నగరమున గెలీలియో విచారింపబడి, భూభ్రమణ వాదమును విడనాడునట్లు నిర్బంధింపబడెను. డేకార్ట్ ఆ వార్త విని, తాను వ్రాసియుంచిన గ్రంథమును అచ్చువేయక దాచుకొనెను. మెర్సెన్ ఆ సంఘమునకే విధేయుడగు సన్న్యాసి. గృహస్థుడగు డేకార్టునకు లేని కట్టుబాట్లు ఆయనకు గలవు. అయినను మరుసటి యేటనే గెలీలియో యంత్రశాస్త్ర గ్రంథమును ఫ్రెంచి భాషలో ప్రకటించెను; 1639లో గెలీలియో చివరి గ్రంథ సారమునుగూడ ప్రకటించెను. భూభ్రమణము నిరూపితమని ఆయన పలుకలేదు. గురువుల యాజ్ఞను ధిక్కరింపలేదు. మంచి ప్రయోగమును మాత్రము మరుగుపడనీయలేదు. గెలీలియో చెప్పిన కొలతలను సైతము తాను మరల చేసి చూచి, సరిపోలని చోట్ల సరిపోలలేదని వ్రాసెను. గెలీలియో విషయమున ఆయన చూపిన గౌరవము ఇట్టిది.

1644, 1645 సంవత్సరములలో ఆయన ఇటలీలో సంచరించి, టొరిచెల్లి పాదరసపు ప్రయోగ వార్తను ఫ్రాన్సునకు దెచ్చెను. పాస్కల్ గాలి బరువును పరీక్షించుటకు ఆ వార్తయే ప్రేరణ మాయెను. 1648 వేసవిలో మెర్సెన్ వ్యాధిగ్రస్తుడై, ఊపిరితిత్తులలోని వ్రణముచేత బహుగా బాధపడి, సెప్టెంబరు 1వ తేదీన, అరువదవ యేడు నిండుటకు వారము దినములున్నదనగా, మిత్రుడు గసెండీ చేతులలో ప్రాణము విడిచెను. మరణమునకు ముందు తన శరీరమును కోసి వ్యాధి కారణమును పరిశీలింపవలసినదని వైద్యులను కోరియుండెను. వారట్లే చేసిరి.

ఆయన గదిలో 78 మంది పండితుల లేఖలు దొరకెను. అవియు తక్కిన ఉత్తర ప్రత్యుత్తరములును 20వ శతాబ్దమున 17 సంపుటములుగా అచ్చుపడినవి. చివరి సంపుటము 1988లో వెలువడెను. తంత్రుల నియమమును 1713లో టేలర్ అను ఆంగ్లేయుడు కేవల గణితముచే సాధించెను. అంతకు పండ్రెండేండ్లు ముందుగా, 1701లో, పారిసు శాస్త్ర పరిషత్తు సభ్యుడగు సోవెర్, ఒక్క తంత్రి పెక్కు స్వరములు పలుకుటకు కారణమును వివరించెను. ఆ సోవెర్ పసితనమున మూగవాడు, వినికిడియు సరిలేనివాడు. మెర్సెన్ చెవికి వినబడి అంతు చిక్కని ప్రశ్నకు జవాబు చెప్పినవాడతడు.